గబ్బిలపు మేను – పులిమేకల తక్కెడ

అసమానులైనవారిని ఒక్క బల్లచుట్టు కూర్చుండబెట్టి, ఎవ్వరికిని అన్యాయము కలుగకుండ ఆట నడపుట యెట్లు? చూచుటకు ఇది పిల్లల ప్రశ్నవలె నుండును. కాని ఉపాధ్యాయవృత్తిలో నున్నవారికి దినదినమును ఎదురగు ప్రశ్న యిదియే. ఒకనికి లెక్కలు వచ్చును, వేరొకనికి రావు. ఒక బాలిక గొంతెత్తి పద్యము చదువును, వేరొక బాలిక పెదవి విప్పుటకు భయపడును. వీరందరికిని ఒక్కటే గంట, ఒక్కటే పాఠము, ఒక్కటే పరీక్ష. ఈ సంవత్సరము మా విద్యార్థులు ఈ పాత ప్రశ్ననే ఒక క్రొత్త ఆట రూపమున మా యెదుట పెట్టిరి. దానిని గూర్చి మేము కన్నదియు విన్నదియు తలిదండ్రులకును, విద్యార్థులకును ఉపయోగపడునని తలచి ఇక్కడ వ్రాయుచున్నాము.

మా అలియాబాదు హైదరాబాదునకు ఉత్తరముగ, శామీరుపేటకు చేరువను, కరీంనగరమునకు పోవు రహదారి ప్రక్కను ఉన్నది. ఒకవైపు వరిమళ్ళును రాతిగుట్టలును, మరియొకవైపు జీనోం వ్యాలీ యనబడు ఔషధపరిశోధనాలయములును కలవు. కావున మా తరగతులలో రైతుల పిల్లలును, దూరదేశములనుండి కూలికి వచ్చినవారి పిల్లలును, ప్రయోగశాలలలో ఉద్యోగము చేయువారి పిల్లలును ఒక్క బెంచీమీద కూర్చుందురు. అట్టి యుద్యోగి కుమారుడొకడు వేసవి సెలవులలో బంధువుల యింట నేర్చికొని ఈ క్రొత్త ఆటను బడికి తెచ్చెను. వానితోబాటు ఇరువది ముఖములుగల పాచిక యొకటి వచ్చినది.

పాచిక యనగానే పెద్దలకు జూదము జ్ఞప్తికి వచ్చుట సహజము. మాకును మొదట ఆ శంకయే కలిగినది. కావున మేము రెండు సాయంకాలములు ప్రక్కను కూర్చుండి చూచితిమి. ఇందు పందెము లేదు, సొమ్ము లేదు, ఒకరు గెలిచి ఒకరు ఓడుటయు లేదు. నలుగురైదుగురు బల్లచుట్టు కూర్చుందురు. వారిలో నొకడు కథానిర్వాహకుడు. అతడు, “మీ యెదుట పాడుపడిన కోట యున్నది. తలుపు మూసియున్నది. ఏమి చేయుదురు?” అని యడుగును. తక్కినవారిలో ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరించియుందురు. ఒకడు వీరుడు, ఒకతె వైద్యురాలు, మరియొకడు మాంత్రికుడు. వారు తాము చేయదలచినది చెప్పుదురు. ఆ పని కష్టసాధ్యమైనచో పాచిక వేయుదురు. పడిన అంకెకు తమ పాత్రయొక్క నేర్పుకు తగిన అంకె కలుపుకొందురు. ఆ మొత్తము నిర్వాహకుడు చెప్పిన అంకెకు తక్కువ కాకున్న పని నెరవేరును, తక్కువైన తప్పును. వీధిభాగవతమున వేషము కట్టినవాడు కథ తెలిసియే ఆడును. ఇందు వేషము కట్టినవానికిని కథ తెలియదు. భేదము ఇంతియే.

ఈ యాటకు చరిత్రయు కలదు. ప్రష్యా దేశపు సైన్యాధికారులు 1824వ సంవత్సరము నాటికే బల్లమీద యుద్ధక్రీడ నాడి వ్యూహములు నేర్చుకొనుచుండిరి. ఆంగ్లరచయిత హెచ్. జి. వెల్సు బొమ్మ సిపాయిలతో ఆడు యుద్ధక్రీడకు నియమములు వ్రాసి 1913లో ప్రకటించెను. అట్టి యుద్ధక్రీడల సంప్రదాయమునుండియే అమెరికాలో గ్యారీ గైగాక్సు, డేవ్ ఆర్నెసన్ అనువారు “డంజన్స్ అండ్ డ్రాగన్స్” అను పేర ఒక యాటను 1974లో ప్రచురించిరి. సేనలకు బదులు ఆటకాడు ఒక్క పాత్రను మాత్రమే నడపుట అందలి విశేషము. ఆ పాత్ర మనుష్యుడే కానక్కరలేదు. చిరకాలజీవులైన ఎల్ఫులు, గుట్టల లోపల నివసించు డ్వార్ఫులు, పొట్టివారైన హాబిట్లు – వీరిలో ఎవరినైనను ఎన్నుకొనవచ్చును. వీరికి పుట్టుకతోనే కొన్ని శక్తులు కలవు. మరి మనుష్యుని ఎవరు ఎన్నుకొందురు? ఆ ప్రశ్నకు నాటివారు ఒక సమాధానము వ్రాసిరి. డ్వార్ఫు 6వ మెట్టును, హాబిట్టు 4వ మెట్టును దాటి వీరులుగ పెరుగరాదు. ఎల్ఫు యుద్ధమున 4వ మెట్టు వరకును, మంత్రమున 8వ మెట్టు వరకును మాత్రమే పోగలడు. మనుష్యునికి మాత్రము అట్టి కట్టడి లేదు.

ఇది చక్కని తూకమని మొదట తోచును. కాని ఇందొక లోపము కలదు. వరము మొదటి దినముననే చేతికి వచ్చుచున్నది, వెల మాత్రము ఎప్పుడో 6వ మెట్టు చేరిన తరువాత చెల్లింపవలసియున్నది. అంతవరకు ఆట సాగకపోయిన యెడల ఆ వెలను ఎవ్వరును చెల్లింపరు. అంతవరకు సాగిన యెడల, అన్నాళ్ళు శ్రద్ధగా ఆడినవాడు ఒకచోట ఆగిపోవలసివచ్చును. 2000వ సంవత్సరమున వెలువడిన మూడవ కూర్పులో ఈ కట్టడిని తీసివేసిరి. నేడు అప్పు చేసి పంట పిదప తీర్చెదనను రైతునకు వాన రానియెడల ఏమగునో మన గ్రామములవారికి చెప్పనక్కరలేదు. వరమును వెలయు ఒకే కాలమున ఎదురుపడవలెను. మా విద్యార్థులకు ఈ చరిత్ర చెప్పినప్పుడు వారు గ్రహించిన మొదటి సూత్ర మిది.

ఇక అసలు సంగతికి వత్తము. ఎనిమిదవ తరగతిలో చేరిన వసతిగృహపు బాలుడొకడు ఈ యాటలో చేరవలెనని కోరెను. పుస్తకములోని జాతులలో నేదియు అతనికి నచ్చలేదు. అతడు తానే యొక క్రొత్త జాతిని వ్రాసికొని వచ్చెను. అది గబ్బిలపు జాతి. ఆ జాతివాడు ఎగురగలడు. కటికచీకటిలో చూడగలడు. తన కేక ప్రతిధ్వనినిబట్టి గోడ వెనుక నేమున్నదో యెరుగగలడు. తలక్రిందుగ వ్రేలాడి, కావలివారి కంటబడకుండ నిద్రింపగలడు. ఇన్నిటికిని వెలగా ఒక్క బలహీనతను కూడ వ్రాసెను. ఎండలో వానికి చూపు మందగించును.

బల్లచుట్టు కూర్చున్నవారిలో కలకలము పుట్టెను. “వీడు గోడ దాటి యెగిరిపోయిన, గోడ ఎక్కుట నేర్చిన నేనెందుకు?” అని ఒకడు. “చీకటి వీనికి వెలుగైన, నా దివిటీ యెందుకు?” అని వేరొకడు. ఈ మాటలు న్యాయమైనవి. కాని మూడవవాడు నవ్వుచు, “గబ్బిలము ఇంట దూరిన అరిష్టము. ఆ జాతివానికి మా గుంపులో చోటు లేదు” అనెను. అది ఆటలోని మాటయే కావచ్చును. ఆ బాలుడు బదులు చెప్పలేదు. కాగితమును నాలుగు మడతలు పెట్టి జేబులో వేసికొనెను. అతడు ఏ యూరినుండి, ఆ యూరిలో ఏ వాడనుండి వచ్చెనో తరగతిలో అందరును ఎరుగుదురు. మన భాషలో జాతి యను మాటకు కల బరువు ఆంగ్లపుస్తకము వ్రాసినవారికి తెలియదు, మనకు తెలియును.

ఇందు రెండు ప్రశ్నలు పెనవేసికొని యున్నవి. గబ్బిలము మితిమీరిన బలము కలదా యనునది ఒకటి. గబ్బిలమునకు బల్లవద్ద చోటు కలదా యనునది రెండవది. మొదటిది లెక్క. దానిని తర్కించి, తూచి, అవసరమైన తగ్గింపవచ్చును. రెండవది తూకమునకు పెట్టదగిన ప్రశ్నయే కాదు. ఈ పాఠశాలలో బల్లవద్దకు వచ్చిన ప్రతివానికిని చోటు కలదు. కావున మేము ఆ బాలుని చేరబిలిచి, కాగితమును తీయించి, “ఇతడు ఆడును. ఎంత బలముతో ఆడవలెనో రేపు అందరము కలసి తూచెదము” అని చెప్పి ఆ సాయంకాలమునకు ఆట చాలించితిమి.

మరునాడు పిల్లలను ఆవరణలోని చెట్టు క్రిందికి తీసికొనిపోయి, బండమీద బొగ్గుతో పులిమేకల పటము గీయించితిమి. ఈ యాటను మన తాతలు రచ్చబండలమీద ఆడిరి. దక్షిణదేశమున అనేక దేవాలయముల రాతినేలమీదను ఇట్టి పటములు చెక్కబడి యుండుట చూడవచ్చును. శిఖరమునుండి దిగు గీతలును, వానిని అడ్డముగ కోయు గీతలును కలసి 23 కూడళ్ళు ఏర్పడును. ఎక్కువగా ఆడు పద్ధతిలో పులులు 3, మేకలు 15. మేకలను ఒక్కొక్కటిగ పటముమీద పెట్టుచుందురు. అన్నియు పెట్టువరకు పెట్టిన మేక కదలరాదు. పులి మొదటినుండియు కదలును. ప్రక్క కూడలిలో మేకయుండి దాని ఆవలి కూడలి ఖాళీగ నున్నచో, పులి దుమికి మేకను చంపును. మేక యెవ్వరిని చంపజాలదు. మేకలన్నియు కలసి పులులకు కదలుటకు చోటు లేకుండ కట్టివేసిన గెలుపు మేకలది.

చింతపిక్కలు మేకలుగను, గులకరాళ్ళు పులులుగను పెట్టి పిల్లలు ఆడిరి. పిదప మేకలను 15కు బదులు 10 చేసి ఆడించితిమి. పులులను చుట్టుటకు మేకలు చాలలేదు. పులులను ఐదు చేసితిమి. మేక పెట్టినచోటనెల్ల చచ్చినది. పెట్టిన మేక వెంటనే కదలవచ్చునని నియమము మార్చితిమి. ఇప్పుడు పులికి ఆకలి తీరుట దుర్లభమయ్యెను. ఒక్కొక్క మార్పుతో తక్కెడ ఎటు మొగ్గుచున్నదో పిల్లలు కన్నులార చూచిరి. మేకకు పులివంటి కోరలు పెట్టి సమానము చేయలేదు గదా! మేకకు సంఖ్య, పులికి వేగము. పులికి చంపుట లక్ష్యము, మేకకు కట్టివేయుట లక్ష్యము. మొదటి భాగమున పులిది పైచేయి, మేకలు నిలద్రొక్కుకొన్న పిదప పులికి గండము. సమత్వమనగా ఒక్కపోలిక కాదని దీనికన్న బాగుగ చెప్పు పాఠము మాకు తెలియదు.

నేపాలదేశమున దీనికి బంధువైన ఆట యొకటి కలదు. పేరు బాగ్‌చాల్. 25 కూడళ్ళ చతురస్రపు పటముమీద పులులు 4, మేకలు 20. ఐదు మేకలను చంపిన పులులకు గెలుపు. ఈ శతాబ్దపు మొదటి దశకమున గణకశాస్త్రజ్ఞులు కంప్యూటరు సహాయమున దీనిని పరిశోధించి, ఇరుపక్షములును తప్పు లేకుండ ఆడినచో ఎవ్వరును గెలువక ఆట సమముగ ముగియునని నిరూపించిరి. పల్లెవాసులు ఏ యంత్రమును లేక, తరతరములుగ ఆడి, సరిదిద్ది, అంత సమముగ తూచిరన్నమాట! ఆడిచూచుటయే వారి తక్కెడ.

పులిమేకలనుండి తిరిగి గబ్బిలమువద్దకు వచ్చితిమి. మొదట దాని బలహీనతను పరీక్షించితిమి. ఎండలో చూపు మందగించిన, పాచికను రెండుమారులు వేసి తక్కువ అంకెనే తీసికొనవలెనని బాలుడు వ్రాసెను. పదవ తరగతివారిని లెక్క కట్టుమంటిమి. ఇరువది ముఖముల పాచికమీద 11గాని అంతకుమించిగాని పడవలసియున్నచో, ఒక్కసారి వేయువానికి నూటికి 50 పాళ్ళు అనుకూలము. రెండుసారులు వేసి తక్కువది తీసికొనువానికి రెండును 11కు తగ్గకుండ పడవలెను. సగములో సగము, అనగా నూటికి 25 పాళ్ళు మాత్రమే. రెండుసారులు వేసి ఎక్కువది తీసికొనుమన్నచో 75 పాళ్ళగును. ఒక్క అంకెను కలుపుకొనుట నూటికి 5 పాళ్ళ మేలు మాత్రమే. కావున ఈ రెండుమారుల నియమము ఐదంకెలతో సమానమైన పెద్ద బరువు.

అంత పెద్ద వెల చెల్లించుచున్నాడు గదా, ఇక తగవేమని ఒక బాలిక యడిగెను. అప్పుడు మేము, “మీ కథ ఎక్కడ జరుగుచున్నది?” అని యెదురు ప్రశ్న వేసితిమి. కథ గుహలలో జరుగుచున్నది. గుహలో ఎండ యెక్కడిది? కావున వెల సున్న. రేపు కథ ఎడారికి మారినచో? ప్రతి పనియు నూటికి 25 పాళ్ళే. ఆ బాలుడు పాచిక తీయుటకే విసుగు చెందును. మేము ఉపాధ్యాయశిక్షణ కళాశాలలో ప్రశ్నపత్రముల కూర్పును నేర్చిన నాడు విన్న సూత్రము ఇక్కడ పనికివచ్చెను. అందరును వ్రాయగల ప్రశ్నయు, ఎవ్వరును వ్రాయలేని ప్రశ్నయు విద్యార్థుల తారతమ్యమును కొలువవు. అట్లే, ఎన్నడు నెదురుపడని బలహీనత వెల కాదు, ఎప్పుడును విడువని బలహీనత ఆట కాదు. బలహీనత తరచుగ నెదురుపడవలెను, ఎదురుపడినపుడు యుక్తిచే దాటదగినదై యుండవలెను.

తరువాత ఆ బాలునితో, “నీ గబ్బిలము ఏ గబ్బిలము?” అని యడిగితిమి. తన యూరి చెరువుగట్టు మీది చింతచెట్టున పగలెల్ల వ్రేలాడు పెద్దగబ్బిలమే తన మనస్సున నున్నదని చెప్పెను. విజ్ఞానశాస్త్రపు ఉపాధ్యాయులు ఇచ్చట మాకు తోడ్పడిరి. గబ్బిలములన్నియు ఒక్కతీరువి కావు. పురుగులను తిను చిన్నగబ్బిలములు మన చెవికి వినరాని కేకలు వేసి, వాని ప్రతిధ్వనిచే మార్గమెరుగును. ఈ విద్యకు డోనాల్డ్ గ్రిఫిన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1944లో ఆంగ్లమున పేరు పెట్టెను. కాని పండ్లను తిని, రెక్కలు చాచిన నాలుగడుగుల వెడల్పుండు మన చింతచెట్టు గబ్బిలమునకు ఆ విద్య లేదు. దానికి ఆధారము పెద్ద కన్నులును, పండిన పండు వాసనను పసిగట్టు ముక్కును. పగటిపూట అది గ్రుడ్డిదియు కాదు.

బాలుడు కొంచెముసేపు ఆలోచించి, కాగితముమీది ప్రతిధ్వనిని తానే కొట్టివేసెను. పిమ్మట ఎండలోని మందదృష్టిని కూడ కొట్టివేసెను. ఒక వరమును ఒక లోపమును ఒక్కసారిగ పోయెను. ఇక మిగిలినది ఎగురుట. తగవంతయు దానిమీదనే. ఈ యాట నాడు అనేక దేశములవారిలోను ఎక్కువ వాదమునకు కారణమగు వరమిదియే. ఏలయన, ఆట మొదటి మెట్టులలోని అడ్డంకులెల్ల గోడలు, గోతులు, వాగులు. ఎగురువానికి ఇవి అడ్డంకులే కావు. తక్కినవారు త్రాడు వెదకుచు కూర్చున్నపుడు వీడొక్కడు ఆవలిగట్టున నిలిచి చూచుచుండును.

దీనికిని ఉపాయమును ఆ చింతచెట్టే చెప్పినది. అట్టి పెద్దగబ్బిలము నేలమీదనుండి కాకివలె తటాలున లేవజాలదు. ఎత్తుననుండి క్రిందికి విడిచికొనియే గాలిని పట్టును. దాని రెక్కలే దాని చేతులు. వ్రేళ్ళ నడుమ సాగిన చర్మమే రెక్క. ఎముకలు తేలిక. ఈ మూడింటిని నియమములుగ వ్రాసితిమి. ఎగురవలెనన్న ముందుగ చెట్టునో గోడనో ఎక్కవలెను. ఎగురునపుడు చేత కత్తియు పట్టరాదు, దివిటీయు పట్టరాదు, మిత్రుని మోయరాదు. తక్కినవారు మోయు బరువులో సగము మాత్రమే వాడు మోయవలెను. మొదటి నాలుగు మెట్టులలో ఎత్తుననుండి పల్లమునకు తేలిపోవుటయే గాని, పైకి లేచుట లేదు. ఐదవ మెట్టున, మాంత్రికులును పెద్ద విద్యలు నేర్చు సమయమునకు, పూర్తిగ ఎగురవచ్చును. ఈ వెలలన్నియు ఎండకును గుహకును సంబంధము లేక, ప్రతి సాయంకాలమును ఎదురుపడునవి. యుక్తిచే దాటదగినవి.

కాగితముమీద తూచినది ఆటలో తూగునని నమ్మకము లేదు. కావున ఒకే కథను రెండు సాయంకాలములు ఆడించితిమి, మొదట పాత నియమములతోను, పిదప క్రొత్త నియమములతోను. శామీరుపేట చెరువు నిండి మత్తడి పోయుచున్నది. ఆవలి గుట్టమీది పాతబురుజులో గ్రామపు ధాన్యాగారపు తాళపుచెవి యున్నది. దానిని తేవలెను. ఇదియే కథ. ఒక బాలుని పలకపట్టి ప్రక్కను కూర్చుండబెట్టి, ఎవరి మాటచేత కథ ముందుకు సాగిన వారి పేర గీత గీయుమని చెప్పితిమి. ఎవరి బలమెంతయని కాదు, ఎవరు లేనిచో కథ ఆగిపోయియుండెడిదని చూడుమంటిమి.

మొదటి సాయంకాలము గబ్బిలము పేర గీతలు వరుసగా నిండెను. అతడు మత్తడి దాటెను, బురుజెక్కెను, చెవి తెచ్చెను. తక్కినవారు గట్టున కూర్చుండిరి. మనుష్య వైద్యురాలి పాత్ర ధరించిన బాలిక పేర ఒక్క గీతయు లేదు. రెండవ సాయంకాలము అతడు మత్తడి నెగిరి దాటలేడు. గట్టుమీది చెట్టెక్కి, త్రాటికొన పంటబట్టి ఆవలికి తేలిపోయెను. ఆ త్రాడు పట్టుకొని వీరుడు నీటిలో దిగెను. బురుజుపైనుండి దుముకునపుడు పాచిక తక్కువ పడి రెక్క చిరిగెను. వైద్యురాలు కట్టు కట్టనిచో అతడు తిరిగి రాలేడు. పలకమీద గీతలు అందరి పేరను చేరెను. అయినను వైద్యురాలి పేర తక్కినవారికన్న తక్కువయే. అప్పుడు ఆ మూడవవాడు, అరిష్టమని నవ్వినవాడే, “ఇంక గబ్బిలమును కోయవద్దు. ఈమెకే ఏమైన ఇత్తము” అనెను. మూలికలు గుర్తించు నేర్పును వైద్యురాలికి చేర్చితిమి. ఎత్తైనదానిని నరకుటయే తూకము కాదు, పల్లమును నింపుటయు తూకమే యని ఆ బాలునికి మేము చెప్పలేదు. తానే కనుగొనెను.

ఇక మిగిలినది మాట. జాతి యను పదమును ఏమి చేయవలెను? ఈ చిక్కు మనకే కాదు, ఆ యాట ప్రచురించువారికిని కలిగినది. 2024లో సవరించి వెలువరించిన పుస్తకమున వారు పూర్వము మనుష్యులను విభజించుటకు వాడిన మాటను విడిచి, ప్రాణులను వర్గీకరించుటకు శాస్త్రజ్ఞులు వాడు మాటను పెట్టిరి. అంతకన్న ముఖ్యమైన మార్పు వేరొకటి. పూర్వము ఫలానా జాతిలో పుట్టినవానికి బుద్ధి హెచ్చు, ఫలానావానికి బలము హెచ్చు అని పుట్టుకనుబట్టి అంకెలు కలుపుచుండిరి. ఇప్పుడు ఆ అంకెలు పాత్రయొక్క పూర్వజీవితమును, నేర్చిన వృత్తిని బట్టి వచ్చును.

మా పిల్లలు దీనిని తెలుగున తమకు తోచినట్లు పరిష్కరించుకొనిరి. కులమనవద్దు, జాతియనవద్దు, వంశమనవద్దు అని ఒక్కొక్క మాటను త్రోసివేసి, తుదకు కాగితముమీద రెండు గళ్ళు గీసిరి. మొదటి గడికి “మేను” అనియు, రెండవ గడికి “పెంపకము” అనియు పేరు పెట్టిరి. రెక్క, కన్ను, ముక్కు, ఎముక – ఇవి మేని గడిలోనివి. బుద్ధి, ధైర్యము, విద్య, నడవడి – ఇవి పెంపకపు గడిలోనివి. మేని గడిలో బుద్ధిని వ్రాయరాదు. ఇది వారి నియమము. ఎవ్వరును వారికి చెప్పలేదు.

తెలుగు ఉపాధ్యాయులు ఈ సంగతి విని, గుఱ్ఱం జాషువా గారి “గబ్బిలము” అను కావ్యమును గూర్చి ఆ బాలునికి చెప్పిరి. వినుకొండలో 1895లో క్రైస్తవకుటుంబమున జన్మించి, ఉపాధ్యాయుడుగ పనిచేసి, 1971లో పరమపదించిన ఆ మహాకవి 1941లో దానిని ప్రకటించెను. దేవాలయపు గడప దాటరానివానిగ సంఘము వెలివేసిన యొక మనుష్యుడు, ఏ అడ్డును లేక లోపలికి పోగల గబ్బిలముచేత భగవంతునికి తన మొర చెప్పి పంపుటయే అందలి కథ. బాలునికి అంతకుముందు ఆ కావ్యము పేరైనను తెలియదు. అందరును అరిష్టమను ప్రాణిని తానును ఏల ఎన్నుకొంటినని అతడు ఎవ్వరికిని చెప్పలేదు. మేము అడుగలేదు. గ్రంథాలయపు చీటిమీద ఆ పుస్తకము పేరు వ్రాసికొని పోవుట మాత్రము చూచితిమి.

తలిదండ్రులకు మా మనవి యిది. మీ పిల్లలు పాచికలతో కూర్చున్నపుడు కోపింపక, ప్రక్కను కూర్చుండి, ఎవరు మాటాడుచున్నారో, ఎవరు ఊరకున్నారో చూడుడు. ఊరకున్నవారు మీవారైనను కావచ్చును. విద్యార్థులకు మేము చెప్పునది యిది. క్రొత్తవాడు క్రొత్త వరముతో వచ్చినపుడు, చోటు ఇచ్చిన పిదపనే తూకము మొదలుపెట్టుడు. వరమునకు తగిన వెలను అదే కాలమున పెట్టుడు. ఆ వెల తరచుగ నెదురుపడునదియు, దాటదగినదియు కావలెను. కాగితమును నమ్మక ఆడి చూడుడు. పలకమీద ఎవరి పేర గీతలు లేవో మొదట వారిని చూడుడు.

ఈ వ్యాసము ముగించునంతలో ఏడవ తరగతి బాలిక యొకతె తాబేటి మేను వ్రాసికొని వచ్చినది. దాని డిప్పను ఏ కత్తియు చీల్చదట! నడక మాత్రము తక్కినవారిలో సగమట. కథలోనివారందరు పరుగెత్తవలసి వచ్చినపుడు తాబేటిని ఎవరు మోయుదురని గబ్బిలపు బాలుడు అడిగెను. ఆమె ఇంకను బదులు చెప్పలేదు. పలక సిద్ధముగ నున్నది.